‘బావ’ అన్న మాట వెంట విశాఖకు

మా నాన్న నంద్యాలలో తెలుగు మాస్టారు. ‘ళ’ను ‘ల’ అని పలికితే అన్నం ముందు నుంచి లేపేసేవాడు. అందుకే నా తెలుగు మీద నాకు చిన్నప్పటి నుంచీ కాస్త ఎక్కువే గర్వం. ఇరవై ఏళ్లుగా డెన్మార్క్‌లో ఉంటున్నా అది పిసరంత కూడా తగ్గలేదు. అక్కడ పోలీసులకో, ఆసుపత్రికో, కోర్టుకో తెలుగు దుబాసీ కావలసి వస్తే నాకే ఫోను వస్తుంది. తెలుగువాళ్లెవరైనా యాసలో మాట్లాడితే, డేనిష్‌లోకి మార్చేలోపు మనసులో వాళ్ల తెలుగును కూడా దిద్దేవాణ్ణి.

ఆ గర్వం ఎలా దిగిందో, దాని చోట ఇంకో గర్వం ఎలా వచ్చి కూర్చుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కేసు తేలిపోయింది కాబట్టి రాయవచ్చు. మనుషుల పేర్లు మార్చాను. వాళ్ల మాటలు మాత్రం మార్చలేదు.

ప్రయాణానికి ముందు

డెన్మార్క్‌లోని జట్లాండ్ తీరంలో ఒక రేవులో సరుకు ఓడ ఒకటి ఆగి ఉంది. అందులో ఇద్దరు విశాఖవాళ్లు. ఖాదర్ ఫిట్టరు, విశాఖ రేవు పక్కనున్న పాత ఊరివాడు. అప్పలరాజు వెల్డరు, ఆనందపురం దగ్గర రైతు ఇంటివాడు. ఒక ఉదయం డెక్కు మీద ఎవరి డ్యూటీ ఎవరు చేయాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. అప్పలరాజు ఖాదర్ గుండె మీద చెయ్యివేసి తోశాడు. వెనక సరుకు దించే గొయ్యి మూత తెరిచి ఉంది. ఖాదర్ అందులో పడి చనిపోయాడు.

తోయడం కెమెరాలో ఉంది. తోశానని అప్పలరాజు కూడా ఒప్పుకున్నాడు. తేలవలసింది ఒక్కటే, చంపాలని తోశాడా లేదా అన్నది. దానికి పోలీసులకు ఒక వీడియో దొరికింది. రెండు రోజుల ముందు భోజనాల గదిలో ఓడ వంటమనిషి సరదాగా తీసినది. పళ్లేల చప్పుడు, పాటల హోరు, మధ్యలో అప్పలరాజు గొంతు. పదిసార్లు విని నేను రాసిచ్చింది ఇది: “ఇంకోసారి నా నెత్తురు ముట్టుకున్నావంటే చంపేస్తాను, బావా.”

దాంతో పోలీసులకు కథ మొత్తం కళ్లకు కట్టింది. ఒకడు హిందువు, ఇంకొకడు ముస్లిం, ఇద్దరూ బావామరుదులు. ‘నా నెత్తురు’ అంటే తోబుట్టువు. ఇది పరువు కోసం చేసిన హత్య. అప్పలరాజు మాత్రం మొదటి రోజే చెప్పాడు, “అది సేపల గొడవ సార్, సరదాకన్నాను” అని. నేను ఆ మాటను నిజాయితీగానే డేనిష్‌లో చెప్పాను. కానీ లోపల మాత్రం నమ్మలేదు. వీడియోలో ‘చేప’ అన్న మాట ఎక్కడా లేదు మరి.

ఒకరోజు జైల్లో అతని లాయరు కిర్‌స్టెన్‌కు దుబాసీగా వెళ్లాను. మాటల మధ్య అతనికి మంచినీళ్ల గ్లాసు అందించాను. “థాంక్స్ బావా” అన్నాడు. నాకు అక్కచెల్లెళ్లే లేరు. బావ అన్నావేమిటని అడిగాను.

“అలవాటు బావా, ఏటనుకోకు” అన్నాడు.

ఆ లెక్కన వీడియోలోని బావ కూడా చుట్టం కాకపోవచ్చు. మర్నాడు పోలీసులకు, కోర్టుకు ఉత్తరం రాశాను, నా అనువాదం మీద నాకే అనుమానంగా ఉందని. వెంటనే కేసు నుంచి నన్ను తప్పించారు, తప్పించాలి కూడా. కిర్‌స్టెన్ మాత్రం నన్ను వదల్లేదు. “ఆ మాట ఏ ఊళ్లో ఉంటుందో నాకు చూపించు” అంది. అక్కడ జడ్జీని కూడా నువ్వనే అంటారు కాబట్టి ఆమె నన్ను నువ్వు అనడంలో తప్పు లేదు.

సీతమ్మధార

విశాఖ నాకూ కొత్తే. రాయలసీమవాళ్లకు సముద్రం మీద మోజు ఎంతో, సముద్రం పక్కనున్న మనుషుల మీద పట్టింపు అంత తక్కువ. సీతమ్మధారలో దిగాం. పక్కనే ఒక క్లినిక్కు ఉండటం మంచిదైంది, మొదటి రోజే అవసరపడింది. బీచి దగ్గర బండి మీద ముంత మసాలా తింటూ, పక్క పళ్లెంలోని మిరపకాయ బజ్జీని కిర్‌స్టెన్ ఏదో కూరగాయ అనుకుని మొత్తం నమిలింది. డెన్మార్క్‌లో ఒక కాఫీకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరం కడుపునిండా తిని, క్లినిక్కులో మందులు కూడా కొనుక్కున్నాం.

ఆటో డ్రైవరు కానిస్టేబులును “బావా” అన్నాడు. కానిస్టేబులు అడ్డం వచ్చిన స్కూటరువాణ్ణి “సూస్కోవా బావా” అన్నాడు. టీ కొట్టతను డ్రైవరును “బావా, అల్లం ఎయ్యమంటావా” అని అడిగాడు. ఈ ఒక్క మాట కిర్‌స్టెన్‌కు పట్టుబడింది.

“ఈ డ్రైవరుకు ఎంతమంది అక్కచెల్లెళ్లు?” అని అడిగింది.

నేను డ్రైవరును అడిగాను. “నాకా? నానొక్కడ్నే సార్” అన్నాడు.

ఆమె చిన్న పుస్తకం తీసి రాసుకుంది. నేను కిటికీ లేని ఆటోలో కిటికీ కోసం వెతుక్కుని, చివరికి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆటోనగర్

రెండో రోజు ఆటోనగర్. ఓడ ఎక్కకముందు ఖాదర్, అప్పలరాజు ఇద్దరూ పనిచేసింది ఇక్కడే, సన్యాసిరావు గారి వెల్డింగు షాపులో. షాపు అంటే రేకుల షెడ్డు, రెండు లేతు మిషన్లు, గోడ మీద మసిబారిన దేవుడి పటం. ఓడల్లోకి వెళ్లిన తన పనివాళ్ల పేర్లు ఆయన వేళ్ల మీద చెప్పాడు.

“ఈ షెడ్డులో సెయ్యి తిరిగినోడు ప్రెపంచంలో ఏ ఓడకైనా అతుకేత్తాడు సార్. మీ దేశం ఓడకి కూడా ఏసుంటాడు” అన్నాడు కిర్‌స్టెన్‌ను చూపించి. ఆ మాట అనువదిస్తుంటే నాకు తెలియకుండానే నా గొంతు కూడా పెరిగింది.

తర్వాత అసలు సంగతి అడిగాడు. “అప్పలరాజుని ఉరేత్తారా సార్?”

“అక్కడ ఉరి లేదండీ” అన్నాను.

“మరేటి సేత్తారు?”

నేను చెప్పుకొచ్చాను. అక్కడి చట్టంలో మనిషిని చంపడానికి ఒక్కటే సెక్షను. మన దగ్గర హత్య వేరు, హత్య కిందికి రాని నరహత్య వేరు. వాళ్లకు ఆ రెండు గదులు లేవు. నెలలపాటు పథకం వేసి చంపినా, ఒక్క క్షణం కోపంలో చంపాలనుకుని చంపినా అదే నేరం, అదే పేరు. శిక్ష మాత్రం అయిదేళ్ల జైలు నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది. పథకం వేశాడా, కోపమా అన్నది ఆ అయిదుకూ యావజ్జీవానికీ మధ్య ఎక్కడ ఆగాలో తేల్చేటప్పుడు చూస్తారు. యావజ్జీవం పడినవాడికి కూడా పన్నెండేళ్ల తర్వాత విడుదల గురించి ఆలోచిస్తారు.

సన్యాసిరావు గారు గడ్డం గోక్కున్నాడు. “మరయితే తేడా ఎక్కడొత్తాది?”

“చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నచోట వస్తుంది. ఉద్దేశం లేదు, కొట్టాడు, దానివల్ల మనిషి పోయాడు అంటే అది వేరే సెక్షను, శిక్ష బాగా తక్కువ. ఉద్దేశం ఉందని తేలితే అయిదేళ్లకు తగ్గదు.”

“ఆడి కడుపులో ఉద్దేశం ఎవుడికి తెలుస్తాది?”

“నోట్లో నుంచి వచ్చిన మాటను బట్టి చూస్తారండీ” అన్నాను. నా మాట నాకే గుచ్చుకుంది.

అంతలో ఆయన నా భుజం మీదుగా షెడ్డు మూలకు చూసి గొంతెత్తాడు. అక్కడ నలభై ఏళ్ల మేస్త్రీ ఒకాయన కళ్లద్దాలు లేకుండా నిప్పురవ్వల ముందు కూర్చున్నాడు. “ఒరే గురుమూర్తీ, ఎన్నిపాలు సెప్పాల? అద్దాలెట్టకపోతే సంపేత్తాను నిన్ను.”

గురుమూర్తి నవ్వుతూ అద్దాలు పెట్టుకున్నాడు. కిర్‌స్టెన్ నా మోచెయ్యి తట్టింది, ఏమన్నాడని. నేను చెప్పాను. ఆమె మళ్లీ పుస్తకం తీసింది.

సన్యాసిరావు గారు మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. “ఈళ్లిద్దరూ ఒకే క్యారేజీలో తినీవోళ్లు సార్. ఖాదరు పోయాడంటే నాకు సగం షాపు పోయినట్టుంది. రెండోవోడు కూడా పోతే నానేటి సెయ్యాల?” అని, మా ముందే కళ్లు తుడుచుకున్నాడు.

ఆనందపురం

మూడో రోజు అప్పలరాజు అక్క రమణమ్మ దగ్గరికి వెళ్లాం. పోలీసుల కథలో ‘నెత్తురు’ అంటే ఈమే. ఆనందపురం జంక్షను దాటి లోపలికి వెళ్తే ఆమె ఇల్లు. భర్తకు ట్రాక్టరు ఉంది. మేం వెళ్లేసరికి ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది.

అడగవలసిన ప్రశ్న నాలుక చివర పుండులా ఉంది. పెళ్లయి, పిల్లల్ని పెంచుకుంటున్న మనిషిని పట్టుకుని, ఖాదర్‌కూ మీకూ ఏమిటి సంబంధం అని అడగాలి. కిర్‌స్టెన్ మర్యాదగానే అడిగింది. నేను ఇంకా మర్యాద పూసి తెలుగులో అడిగాను. మర్యాద ఎంత పూసినా ప్రశ్న ప్రశ్నే కదా.

రమణమ్మ చేట పక్కన పెట్టింది. “ఖాదరా? మా పెద్దదాని పెళ్లికి రెండ్రోజులు ఈడే ఉండి వడ్డన సేసినాడు. నన్ను అప్పా అనీవోడు, సొంత అక్కలాగ. అప్పా అన్నోడితో నాకేటి సమ్మందం అని అడుగుతారా?”

“పోలీసుల కాగితంలో అలా ఉందమ్మా.”

“ఎవుడు రాసినాడు ఆ కాగితం?”

నేను మామూలుగా ఇలాంటిచోట తప్పుకునే మనిషినే. ఇరవై ఏళ్లుగా నా పని ఒకరి మాట ఇంకొకరికి చేర్చడం, నా మాటంటూ లేకుండా ఉండటం. కానీ అక్కడ తప్పుకోవడానికి చోటు లేదు.

“నేనేనమ్మా రాసింది” అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చి అరుగు మీద పెట్టింది. “తినండి. ఎండనపడి వొచ్చినారు. తిన్నాక ఎల్లి ఆ కాగితం మార్చండి” అంది. గంటి అన్నంలోకి, అంటే సజ్జన్నంలోకి, ఉల్లిపాయ, ఏదో వేపుడు. వేపుడు ఏ చేపో నేను అడగలేదు, చేపలు తినే అలవాటు లేదని పక్కకు తోశాను. ఆ తోయడం గురించి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

పాత ఊరు

చివరి రోజు పాత ఊరు. రేవు పక్కనే సన్నని సందులు, పెంకుటిళ్లు, కొన్ని మేడలు, టైలరు కొట్లు, అత్తరు కొట్లు. ఒక సందు చివర ఖాదర్ ఇల్లు. అతని భార్య మెహర్ ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమె ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, మాతో సందులో అందరూ మాట్లాడే తెలుగే మాట్లాడింది.

కిర్‌స్టెన్ ముందే చెప్పింది, తాను అప్పలరాజు తరఫు లాయరునని, ఇష్టం లేకపోతే మాట్లాడనక్కర్లేదని. మెహర్ కుర్చీలు చూపించింది. “ఆయన ఆకరి వీడియో అంట కదా భాయ్. నాకు సూపించండి” అంది.

కిర్‌స్టెన్ ఫోను అందించింది. పళ్లేల చప్పుడు. పాటలు. అప్పలరాజు మాట. ఆ వెంటనే ఒక నవ్వు, గట్టిగా, పొట్ట పట్టుకుని నవ్వినట్టు. ఆ నవ్వు ఖాదర్‌దని నాకు అప్పుడే తెలిసింది. అన్నిసార్లు విన్నాను గానీ, నాకు కావలసింది మాటలే కాబట్టి నవ్వును ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

మెహర్ మూడుసార్లు విన్నది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. “మీరేటి రాసినారు?” అని అడిగింది.

చదివి వినిపించాను. ‘నా నెత్తురు ముట్టుకున్నావంటే’ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

“నెత్తురేటి భాయ్? నెత్తళ్ళు.”

“అంటే?”

“నెత్తళ్ళు తెల్దా మీకు? సన్నటి ఎండుసేపలు. అప్పలరాజుకి ఆళ్లప్ప డబ్బా నింపి ఇచ్చీది. ఈయన దొంగతనంగా తినీసీవోడు. ఇంటికొచ్చినా అదే పని. ‘ఇంకోపాలి నా నెత్తళ్ళు ముట్టుకున్నావంటే సంపేత్తాను బావా’ అన్నాడు. అందుకే నవ్వుతున్నాడు ఈయన.”

నేను ఫోను తీసుకుని మళ్లీ విన్నాను. ఇప్పుడు అది స్పష్టంగా నెత్తళ్ళే. సముద్రం లేని ఊళ్లో పుట్టినవాడి చెవి, తనకు తెలియని మాట తగిలేసరికి తెలిసిన మాటలోకి దూరిపోయింది. ఆ దూరడంలో ఒక ఎండుచేపల డబ్బా పరువు హత్య అయింది. అప్పలరాజు చేపల గొడవ అని ఎన్నిసార్లు చెప్పాడో! నేను డేనిష్‌లో ఏం రాశానో అతనికి తెలియదు, అతను తెలుగులో ఏమన్నాడో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తెలియదు.

కిర్‌స్టెన్‌కు చెప్పాను. ఆమె ముఖం వెలిగింది, అంతలోనే మెహర్‌ను చూసి తగ్గించుకుంది. వీడియో కాల్‌లో కోర్టుకు ఈ సంగతి చెబుతారా అని మెహర్‌ను అడిగింది.

మెహర్ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇది నాను సెప్పకపోతే మీకు తెలీదు కదా” అంది నాతో.

“తెలియదు.”

“సెప్తే ఆడికి తగ్గిపోద్ది.”

“తగ్గవచ్చు. హత్య అని తేలితే అయిదేళ్లకు పైన ఎంతైనా పడవచ్చు, యావజ్జీవం కూడా. కాదని తేలితే చాలా తక్కువ.”

“నా మొగుడు పోయాడు భాయ్” అంది. మసీదులో సాయంకాలపు నమాజుకు పిలుపు వినిపించింది. ఆమె లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మేం మిషను పక్కన కూర్చుని ఎదురుచూశాం. ఆమె వద్దంటే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నేను చెప్పేది తన తప్పు దిద్దుకుంటున్న దుబాసీ మాట. చనిపోయినవాడి భార్య చెబితే దాని బరువు వేరు.

తిరిగి వచ్చి మిషను ముందు కూర్చుంది. “సెప్తాను. ఆడు తోసినాడు. తోసినందుకు శిచ్చ పడాల, అది మీరు ఆపకండి. అనని మాటకి మాత్రం పడకూడదు. ఆ మాటకి మా ఆయన నవ్వినాడు. నాను సెప్పకపోతే ఆ నవ్వు కూడా అబద్దం అయిపోద్ది” అంది.

అది తెలుగులో విన్నందుకు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. మా నాన్న అన్నం ముందు నుంచి లేపేసి నేర్పిన తెలుగులో అంత నిటారైన మాట నేను ఎప్పుడూ అనలేదు.

దారిలో పావుకిలో నెత్తళ్ళు కొన్నాం. నా బట్టలకు పట్టిన ఆ వాసన వారం దాకా పోలేదు.

తిరిగి వెళ్లాక, కోర్టులో

అక్కడి కోర్టు చూస్తే మనవాళ్లు నిరాశపడతారు. ఎత్తైన పీఠం లేదు, నల్లకోట్లు లేవు. ముగ్గురు జడ్జీలు, ఆరుగురు మామూలు మనుషులు. ఆ ఆరుగురిలో ఒకావిడ బడి టీచరులా, ఒకాయన బస్సు నడిపేవాడిలా ఉన్నారు. నేరం రుజువైందా లేదా అన్నది ఆ తొమ్మిదిమందీ తేలుస్తారు. సాక్షి ఏ పుస్తకం మీదా చెయ్యి పెట్టి ప్రమాణం చేయడు. నిజం చెప్పాలి, అబద్ధమాడితే శిక్ష ఉంటుంది అని జడ్జీ చెబుతాడు, అంతే. ముద్దాయికి మాత్రం ఆ హెచ్చరిక కూడా లేదు. అతను నోరు మూసుకుని కూర్చోవచ్చు, అబద్ధం చెప్పినా అందుకు వేరే శిక్ష లేదు. అన్ని వెసులుబాట్లు ఉన్న అప్పలరాజు మొదటి రోజు నుంచీ నిజమే చెప్పాడు, నమ్మనిది నేను.

తొమ్మిదిమంది ముందు నిలబడి నేను మూడు తప్పులూ చెప్పాను. బావ అంటే బంధుత్వం కాదు. సంపేత్తాను అంటే ఆ ఊళ్లో రోజుకు పదిసార్లు వినిపించే మందలింపు. నెత్తురు అని నేను విన్నది నెత్తళ్ళు. కిర్‌స్టెన్ పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. వాసనకు జడ్జీ ముక్కు కొద్దిగా కదిలింది గానీ, ఆయన మర్యాదగా ఒకటి తీసుకుని చూశాడు. ప్రాసిక్యూటరు నన్ను ఒకే ప్రశ్న అడిగింది: “అయితే నీకు తెలుగు రాదా?”

“ఒక ఊరి తెలుగు వచ్చు. ఇప్పుడు రెండో ఊరిది నేర్చుకుంటున్నాను” అన్నాను. ఆ జవాబు చెప్పేటప్పుడు నేను తల దించుకోలేదు.

తర్వాత తెర మీద మెహర్ కనిపించింది. కొత్త దుబాసీ, గుంటూరమ్మాయి, ప్రతి మాటకూ ఆగి, అర్థం కాకపోతే మళ్లీ అడిగి అనువదించింది. మెహర్ నాకు చెప్పింది చెప్పినట్టే చెప్పింది, తోసినందుకు శిక్ష పడాలన్నది కూడా.

మర్నాడు తీర్పు వచ్చింది. హత్య కాదు. కొట్టడం వల్ల మరణం. నాలుగేళ్ల జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపివేత. అప్పలరాజు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వెక్కిళ్ల మధ్య అతను అన్నది ఖాదర్ పేరు. దాన్ని ఎవరూ అనువదించనక్కర్లేకపోయింది.

ఒక ఫోను

తీర్పు సంగతి మెహర్‌కు నేనే చెబుతానన్నాను. కోర్టు మెట్ల మీద కూర్చుని ఫోను చేశాను. నాలుగేళ్లు అని చెప్పాను. కాసేపు మిషను చప్పుడు మాత్రమే వినిపించింది, తర్వాత అదీ ఆగింది.

“నాలుగేళ్లూ తిండి ఏటెడతారు?” అని అడిగింది.

“అక్కడి జైళ్లలో ఎవరి వంట వాళ్లే చేసుకుంటారమ్మా. సరుకులు కూడా లోపలే కొనుక్కుంటారు.”

“ఆడికి వంట రాదు భాయ్. ఓడలో ఇద్దరికీ మా ఆయనే వండీవోడు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“కాయితం ఉందా?” అంది. “రాసుకోండి. ఆడికి ఇవ్వండి. సేపల పులుసుకి ముందు సింతపండు నానబెట్టుకోవాల. నిమ్మకాయంతే, ఎక్కువ ఎయ్యొద్దు. మా ఆయన అలగే సేసీవోడు.”

జేబులో ఉన్న తీర్పు కాగితం తీసి, వెనక వైపు తిప్పి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. సింతపండు అని ఆమె అంటే సింతపండు అనే రాశాను.